టక్కర్ కార్ల్‌సన్‌ను చూసేవాళ్లు వేరు, ఓటేసేవాళ్లు వేరు

2025 జూన్‌లో టెక్సాస్ సెనేటర్ టెడ్ క్రూజ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఫాక్స్ న్యూస్ మాజీ యాంకర్ టక్కర్ కార్ల్‌సన్ ఒక చిన్న ప్రశ్న అడిగాడు. ఇరాన్ జనాభా ఎంత? క్రూజ్ తెలీదన్నాడు. కూల్చేద్దామంటున్న దేశంలో ఎంతమంది ఉన్నారో కూడా తెలీదా అని టక్కర్ వదల్లేదు, 9.2 కోట్లని తనే చెప్పాడు. జనాభా లెక్కలు బట్టీపట్టి కూర్చోనని క్రూజ్ విసుక్కున్నాడు కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది, రెండు నిమిషాల ఆ ముక్క ఫోన్ నుంచి ఫోన్‌కు తిరిగింది.

అది చూసిన ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది. ఇంత మాటకారి, ఇంత పేరున్నవాడు, అధ్యక్ష పదవికి తనే నిలబడొచ్చుగా? రాజ్యాంగం 22వ సవరణ ప్రకారం ట్రంప్ మళ్లీ ఎన్నిక కాలేడు కాబట్టి 2028లో రిపబ్లికన్ల కుర్చీ ఖాళీ. దానికి తగినవాళ్ల పేర్లు ఎప్పుడు లెక్కపెట్టినా టక్కర్ పేరు కూడా వస్తుంది. నాకైతే ఆయన గెలుస్తాడన్న నమ్మకం లేదు. మాట రాక కాదు, ఆ మాట ఎవరి కోసం తయారైందో దాన్నిబట్టి.

ముందు ఆయనకున్న బలం ఒప్పుకుందాం. విదేశీ యుద్ధాలు వద్దు, వలసలు ఆపాలి, పెద్ద కంపెనీల్ని నమ్మొద్దు అనే మూడు మాటల్ని ఫాక్స్ న్యూస్‌లో రాత్రి 8 గంటలకు ఏళ్ల తరబడి చెప్పి చెప్పి పార్టీ కార్యకర్తల నోట్లోకి ఎక్కించిన వాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు. 2023 ఏప్రిల్‌లో, ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్ వేసిన పరువునష్టం కేసులో 78.75 కోట్ల డాలర్లు కట్టడానికి ఫాక్స్ ఒప్పుకున్న కొద్ది రోజులకే ఆయన్ని ఇంటికి పంపేశారు. అక్కడితో పనైపోయిందనుకున్నవాళ్లున్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే రిపబ్లికన్ల తొలి డిబేట్ జరుగుతున్న టైమ్‌కే ట్రంప్ ఇంటర్వ్యూను ఎక్స్‌లో వదిలాడు, 2024 ఫిబ్రవరిలో మాస్కో వెళ్లి పుతిన్‌తో మాట్లాడి వచ్చాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఫాక్స్‌లో ఆయన షోకి రాత్రికి సుమారు 30 లక్షల మంది ఉండేవాళ్లు, కేబుల్ వార్తల్లో అది మామూలు విషయం కాదు. పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీల్లో 2016లో ట్రంప్‌కు వచ్చిన ఓట్లు దాదాపు 1.4 కోట్లు. పైగా ఆ 30 లక్షలూ ఓట్లు కావు, సోఫాలో కూర్చుని చూసేవాళ్లు. చలికాలంలో అయోవాలో స్కూలు హాలుకో చర్చి హాలుకో వెళ్లి కాకస్‌లో, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ సమావేశంలో, గంటసేపు కూర్చోవడం వేరే పని, దానికి జిల్లా జిల్లాకూ మనుషులు కావాలి.

అయితే ట్రంప్ కూడా టీవీ మనిషేగా అంటారు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 2004లో మొదలైన ట్రంప్ రియాలిటీ షో ది అప్రెంటిస్ రాజకీయాల షో కాదు. ఏ పార్టీకి ఓటేస్తారో తనకే తెలియని మనిషి కూడా భోజనం చేస్తూ అది చూశాడు, పెద్ద కుర్చీలో కూర్చుని నిర్ణయాలు తీసుకునే యజమానిగా ట్రంప్ ముఖం పదేళ్లకు పైగా ఆ ఇళ్లల్లో నలిగింది. రీగన్‌దీ అంతే. జనరల్ ఎలక్ట్రిక్ తరఫున ఆదివారం రాత్రుళ్లు టీవీ షో నడుపుతూ, దాంతోపాటు ఆ కంపెనీ ఫ్యాక్టరీలన్నీ తిరిగి కార్మికులతో మాట్లాడేవాడు. ఆ తర్వాత కాలిఫోర్నియా గవర్నర్‌గా రెండు టర్మ్‌లు చేశాడు, 1976లో పార్టీ టికెట్ పోటీలో అధ్యక్షుడు ఫోర్డ్ చేతిలో ఓడాడు, 1980లో గానీ గెలవలేదు. ఈ ఇద్దరూ జనానికి ముందు పక్కింటి మనుషుల్లా తెలుసు, తర్వాతే నాయకులు. టక్కర్ అలా కాదు. ఆయన్ని చూసేవాడు మొదటి రోజు నుంచీ ఒక పక్షం మనిషిగానే చూశాడు, చూడనివాడు కూడా ఆ కారణంతోనే చూడలేదు.

ఆయనకు అసలైన పోలిక పాట్ బుకానన్. అధ్యక్షుడు నిక్సన్‌కు ప్రసంగాలు రాసిన మనిషి, సీఎన్‌ఎన్‌లో క్రాస్‌ఫైర్ అనే వాదులాట షోతో ఇంటింటికీ తెలిసినవాడు. తర్వాత అదే షోలో టక్కర్ కూడా కూర్చున్నాడు. యుద్ధాలు వద్దు, వలసలు వద్దు, ఫ్యాక్టరీలు బయటికి పోనివ్వొద్దు అని టక్కర్ ఇప్పుడంటున్నవన్నీ బుకానన్ అప్పుడే అన్నాడు. 1992లో పదవిలో ఉన్న అధ్యక్షుడు పెద్ద బుష్ మీద న్యూ హ్యాంప్‌షైర్‌లో 37 శాతం తెచ్చుకున్నాడు గానీ ఆ ఏడాది ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. 1996లో అదే న్యూ హ్యాంప్‌షైర్ గెలిచాడు, టికెట్ మాత్రం సెనేటర్ బాబ్ డోల్‌కు పోయింది. 2000లో రిఫార్మ్ పార్టీ తరఫున నిలబడితే అర శాతం కూడా రాలేదు. బుకానన్ బుష్‌కు గాయం చేయగలిగాడు, తను మాత్రం గెలవలేకపోయాడు.

మాటవరసకి, ప్రేక్షకుల ఓటు కోసం టక్కర్ ఒకసారి నిలబడ్డాడు. 2006లో ఒక డ్యాన్స్ షోలో. అందరికంటే ముందు ఇంటికెళ్లింది ఆయనే.

సరే, అయోవాకు వద్దాం. రిపబ్లికన్ కాకస్‌లకు వచ్చేవాళ్లలో సగానికి పైగా బైబిల్ మాటే వేదమనుకునే ఎవాంజెలికల్ క్రైస్తవులే. 1988లో టీవీ మతబోధకుడు పాట్ రాబర్ట్‌సన్ అక్కడ ఉపాధ్యక్షుడు బుష్‌ను వెనక్కి నెట్టి రెండో స్థానం కొట్టింది వాళ్ల బలంతోనే. వాళ్లలో ఇజ్రాయెల్‌కు అండగా ఉండడం బైబిల్ చెప్పిన మాటగా నమ్మేవాళ్లు ఎక్కువ. అలాంటి క్రైస్తవ జియోనిస్టులంటే తనకు అందరికంటే ఎక్కువ అయిష్టమని, అది మెదడుకు పట్టిన వైరస్ అని 2025 అక్టోబరులో టక్కర్ కెమెరా ముందే అన్నాడు. తర్వాత కొంత సర్దుకున్నాడనుకోండి, కానీ ప్రైమరీలో మొదటి రాష్ట్రంలో మొదటి ఓటర్లను తిట్టి పోటీలోకి దిగేవాణ్ని నేనైతే చూడలేదు.

ఆ మాట అన్నది ఎవరి ముందు అన్నది ఇంకా పెద్ద సమస్య. ఎదురుగా ఉన్నది నిక్ ఫుయెంటెస్, యూదుల మీద ద్వేషాన్ని బాహాటంగా వెళ్లగక్కే మనిషి. రెండు గంటలకు పైగా సాగిన ఆ సంభాషణలో క్రూజ్‌కు పెట్టిన పరీక్షలో పదోవంతు కూడా ఫుయెంటెస్‌కు పెట్టలేదు. టక్కర్‌ను వెనకేసుకొచ్చిన పాపానికి రిపబ్లికన్ల వైపు మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ సొంత సంస్థలోనే ఎదురుదెబ్బ తిన్నాడు.

మనవాళ్లకు ఇది మరీ దూరపు గొడవ కూడా కాదు. ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి వడ్లూరులో ఉన్నాయని 2024లో మన చానళ్లు ఊరంతా తిరిగి చూపించాయి గుర్తుందిగా. ఇండియన్ భార్య ఉన్నవాడు, కొడుక్కి వివేక్ అని పేరు పెట్టుకున్నవాడు తెల్లవాళ్ల కోసం ఏం నిలబడతాడని అదే ఏడాది వెటకారం చేసింది ఈ ఫుయెంటెసే. నా భార్య జోలికొస్తే ఊరుకోనని 2025 డిసెంబరులో వాన్స్ బూతుమాటతోనే జవాబిచ్చాడు. టక్కర్‌ను మాత్రం దూరం పెట్టలేదు. ఎందుకంటే 2024లో ఉపాధ్యక్ష టికెట్ వాన్స్‌కే ఇవ్వాలని టక్కర్ గట్టిగా పట్టుబట్టాడన్నది అప్పట్లో పత్రికల్లో వచ్చిన సంగతే, పైగా 2025లో టక్కర్ కొడుకు వాన్స్ ప్రెస్ ఆఫీసులో పనిచేశాడు. అంటే 2028లో టక్కర్ దిగితే కొట్టాల్సింది తను ఎక్కించినవాణ్నే, కొడుక్కి ఉద్యోగమిచ్చినవాణ్నే. ఇద్దరి ఓటర్లూ ఒకటే గుంపు, చీలితే లాభం మూడోవాడికి.

ఇక ట్రంప్. ఇరాన్ మీద దాడుల్ని వ్యతిరేకించినప్పుడు టక్కర్‌ను పిచ్చివాడన్నట్టు మాట్లాడింది ట్రంపే. ట్రంప్ చెబితే ఓటేసే జనం ప్రైమరీలో ఇంకా ఎంతమంది ఉంటారో తేలకుండా టక్కర్ ధైర్యం చేయడం కష్టం.

ఇంకొకటి, యాంకర్ ఉద్యోగానికి రాజకీయ నాయకుడికి లేని ఒక శాపం ఉంది. ఇరవై ఏళ్ల పైగా టీవీల్లో ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు, అంతా రికార్డులో ఉంది. అనుకోకుండా బయటపడినవి వేరే. ట్రంప్‌ను తీవ్రంగా ద్వేషిస్తున్నానని 2021 జనవరి 4న ఆయన పంపిన మెసేజ్ డొమినియన్ కేసు కాగితాల్లో బయటికొచ్చింది, ఎవరో పుట్టించింది కాదు, స్వయానా తన ఫోన్ నుంచి వెళ్లింది. అవతలి పక్షం యాడ్ తయారు చేయడానికి పెద్దగా ఖర్చు కూడా ఉండదు.

అందుకే ఆయన చేయగలిగిన పని వేరనిపిస్తుంది నాకు. 2023 జులైలో అయోవాలో జరిగిన ఒక క్రైస్తవ సంఘాల సభలో ఆయన అభ్యర్థుల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు. మన నగరాలు ఇలా ఉంటే మీకు ఉక్రెయిన్ ట్యాంకుల దిగులేంటని ట్రంప్ మొదటి పాలనలో ఉపాధ్యక్షుడైన మైక్ పెన్స్‌ను పట్టుకున్నాడు. పెన్స్ నోట అది నా బాధ కాదు అన్న మాట వచ్చింది, ఆ ముక్కనే కత్తిరించి తిప్పారు. పెన్స్ కష్టాలు దానితో మొదలవలేదు, 2020 ఎన్నికల్లో ట్రంప్ ఓటమిని పార్లమెంటులో ఖరారు చేసిన 2021 జనవరి 6 నుంచే ఉన్నాయి. అయినా అక్టోబరు వచ్చేసరికి ఆయన పోటీలో లేడు. ఆ రోజు వేదిక మీద రెండు కుర్చీలున్నాయి. టక్కర్ నిజంగా నామినేషన్ వేస్తే, అడిగే కుర్చీలోంచి లేచి పెన్స్ కూర్చున్న దాంట్లోకి మారాలి. అక్కడ కూర్చున్నాక మొదట అడిగేది జనవరి 4 మెసేజ్ గురించే.