విత్తనపు వడ్లు దంచుకు తింటారా?

నెల సరుకులకు చాలక పొలంలో ఒక చెక్క అమ్ముకున్న మనిషిని ఊళ్లో ఎవరూ భాగ్యవంతుడు అనరు. అదే పని రెండోసారి, మూడోసారి చేస్తే పెద్దలు పిలిచి మందలిస్తారు. హైదరాబాద్‌లో పన్ను కట్టే ప్రతి గృహస్థుకూ తెలిసిన ఈ సంగతి తెలంగాణ సచివాలయానికి ఎందుకు తెలియడం లేదు? నగర శివారు కోకాపేటలో ప్రభుత్వ భూమికి ఎకరం గరిష్ఠ ధర 2021 జూలై వేలంలో 60 కోట్ల రూపాయలు, 2023 ఆగస్టులో 100 కోట్లు, 2025 నవంబరులో 151 కోట్లు దాటింది. ధర పెరిగిన ప్రతిసారీ అది రాష్ట్ర ప్రగతికి నిదర్శనమంటూ అధికారంలో ఉన్నవారు చెప్పుకున్నారు. పోయింది మాత్రం మళ్లీ రాని ప్రజల ఆస్తి.

గత పాలకులు నెత్తిన పెట్టిపోయిన అప్పులకు వడ్డీలు కట్టాలని, సంక్షేమ పథకాలు ఆగకూడదని, ఖాళీగా పడి ఉన్న భూమి కబ్జా కావడం కంటే అమ్మడమే మేలని ప్రభుత్వం వాదిస్తోంది. అప్పుల భారం నిజమే. 2023 డిసెంబరులో శాసనసభ ముందుంచిన శ్వేతపత్రం దాన్ని 6.71 లక్షల కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. అయితే ఆ భారం అమ్మకానికి కారణం కావచ్చు గానీ, వచ్చిన సొమ్మును జీతాలకూ వడ్డీలకూ రోజువారీ ఖర్చులకూ కరిగించడానికి అనుమతిపత్రం కాజాలదు. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలది. అందులో ఆస్తులు సమకూర్చే మూలధన వ్యయానికి కేటాయించింది 36,504 కోట్లే. ఆస్తి అమ్మిన డబ్బుతో మరో ఆస్తి సమకూరిందని ఈ అంకెలను చూసి ఏ సామాన్యుడు నమ్మాలి?

మమ్మల్ని అన్నింటికంటే ఆందోళనపరుస్తున్నది ఒక పార్టీ చేసిన తప్పు ఇంకో పార్టీకి ఆనవాయితీగా మారిన తీరు. 2021లో కోకాపేట భూముల వేలాన్ని దోపిడీగా వర్ణించి వీధికెక్కిన కాంగ్రెస్ వారే ఇవాళ అదే కోకాపేటలో వేలం వేయిస్తున్నారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 2023లో, ఎన్నికలకు కొద్ది నెలల ముందు, 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్లపాటు టోల్ వసూలు చేసుకోమని ప్రైవేటుకు అప్పగించినప్పుడు, రాబోయే ప్రభుత్వాల ఆదాయాన్ని ముందే తినేస్తున్నారని అభ్యంతరం చెప్పినవారూ వీరే. ఆనాడు వేలం వేసిన బీఆర్ఎస్ వారు ఇప్పుడు ప్రతిపక్షంలో కూర్చుని భూములను కాపాడాలంటున్నారు. కుర్చీ మారగానే మాట మారితే, రేపు వచ్చేవారు ఎవరైనా ఈ ఇద్దరినీ చూపించి మిగిలిన భూమినీ అమ్మేస్తారు. అప్పుడు అడ్డుచెప్పే నైతిక హక్కు ఎవరికి మిగులుతుంది?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల విషయంలో అమ్మాలన్న ఈ తొందర ఎంత దూరం పోయిందో అందరూ చూశారు. వరుస సెలవుల్లో యంత్రాలను దించి చెట్లను నేలకూల్చారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటే గానీ అవి ఆగలేదు. శాసనసభలో చర్చించి తేల్చవలసిన విషయంలో న్యాయస్థానం అడ్డుపడవలసి రావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు.

అమ్మేసిన భూమి విలువ అవసరం వచ్చినప్పుడు గానీ తెలియదు. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాననీరు చేరి, రోగులను ఖాళీ చేయించిన తరువాత కొత్త భవనానికి స్థలం కోసం ఏళ్లు గడిచాయి. చివరికి గోషామహల్ పోలీసు మైదానాన్ని తీసుకోవలసి వచ్చింది, చుట్టుపక్కల వారు వద్దని మొరపెట్టుకున్నా సరే. పేదల ఆసుపత్రి కోసం ఆటస్థలాన్ని వదులుకోవలసిన నగరంలో, ఎకరాలకు ఎకరాలు ఆకాశహర్మ్యాలకు వేలం వేయడాన్ని పొదుపైన పాలన అని ఎలా అంటారు? పైగా భూమి ధర పెరగాలని కోరుకునే అమ్మకందారు ప్రభుత్వమే అయిన చోట, సొంతిల్లు కొనుక్కోవాలనుకునే చిరుద్యోగి తరఫున ఎవరు నిలబడతారు? వేలంలో పలికిన ధర చుట్టూ ఉన్న ప్రతి ఫ్లాటు ధరనూ, ప్రతి అద్దెనూ పైకి లాగుతుంది.

భూముల అమ్మకం సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆసుపత్రులు, పాఠశాలలు, మంచినీటి పథకాల వంటి శాశ్వత ఆస్తులకే ఖర్చు చేసేలా చట్టం తేవాలి. ఏ భూమి ఎంతకు అమ్మారో, ఆ డబ్బుతో ఏం కట్టారో తెలిపే పట్టికను బడ్జెట్ పత్రాలతో పాటే ఏటా శాసనసభ ముందుంచాలి. ఇందుకు పైసా ఖర్చు కాదు, కేంద్రం అనుమతీ అక్కర్లేదు. లెక్క చెప్పమని 2021లో గొంతెత్తినవారే ఇప్పుడు లెక్క చెప్పవలసిన స్థానంలో ఉన్నారు. వచ్చే సమావేశాల్లోనే చెప్పండి. అప్పటివరకు ఇంకో ఎకరానికి వేలం ప్రకటన ఇవ్వకండి.