పింఛను మారే వేళ ఒక్క నెలా పోకూడదు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీ తెల్లవారేసరికి గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది పింఛనుదారుల గుమ్మాల్లో ఉంటున్నారు. అంతకు రెండు రోజుల ముందు కన్నుమూసిన వృద్ధుడి ఇంటికీ వెళతారు. వేలిముద్ర వేయాల్సిన మనిషి లేడని నమోదు చేసుకుని, ఆయన పేరిట వచ్చిన నాలుగు వేల రూపాయలను వెనక్కి జమ చేస్తారు. నిబంధన ప్రకారం అందులో తప్పు లేదు. అయితే ఆ ఇంట్లో భార్య మిగిలి ఉంది. తనకూ 60 ఏళ్లు నిండినా, ఇంటికి ఒకే పింఛను అన్న నియమం వల్ల ఆమె అన్నాళ్లూ భర్తకు వచ్చే సొమ్ముతోనే నెట్టుకొచ్చింది. ఆయన పింఛను ఆగిన నాటికీ తన పింఛను మొదలయ్యే నాటికీ మధ్య ఆమెకు ఆధారం ఏమిటి?

ఈ ప్రశ్నకు ప్రభుత్వం కొంత జవాబు చెప్పిన మాట నిజం. కొత్త పింఛన్ల మంజూరు ఒకప్పుడు జనవరి, జులై నెలల్లోనే జరిగేది. 2024 నవంబరు 1 తర్వాత పింఛనుదారైన భర్త మరణిస్తే, మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చేలా స్పౌజ్ కేటగిరీ తెచ్చారు. ఇది మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కానీ 2023 డిసెంబరు నుంచి 2024 అక్టోబరు వరకు భర్తలను పోగొట్టుకున్నవారికి పింఛను చేతికందింది 2025 ఆగస్టులో. వారిలో మొదటివారు ఇరవై నెలలు ఎదురుచూశారు.

మరుసటి నెల అన్న హామీ కూడా మరణ ధ్రువీకరణ పత్రం చేతికొస్తేనే నిలుస్తుంది. మరణాన్ని 21 రోజుల్లో తెలియజేయాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న నిరక్షరాస్యురాలికి ఈ గడువులు ఎవరు చెబుతారు? పైగా ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, రేషన్ కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని రుజువు చేసుకోవడానికే మరో నెల గడిచిపోతుంది. మరణాన్ని నమోదు చేసేదీ, పింఛను ఆపేదీ ప్రభుత్వ యంత్రాంగమే. ఆ రెండూ తెలిసిన యంత్రాంగం ఆమెను దరఖాస్తుదారుగా వరుసలో నిలబెట్టడం న్యాయం కాదు.

2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలనలోనూ ఇదే లోపం బయటపడింది. వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినవారికి పింఛను రద్దు నోటీసులు వెళ్లాయి. వారిలో 60 దాటినవారు వృద్ధాప్య పింఛనుకు అర్హులు. వారి వయసు ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. దివ్యాంగ పింఛను ఆరు వేల నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలకు తగ్గడమే వారికి కష్టం, మధ్యలో ఏమీ రాని నెల ఉంటే మందులే ఆగిపోతాయి. ఒకదాన్ని రద్దు చేసే ఉత్తర్వులోనే రెండోదాన్ని మంజూరు చేయాలి. అది సాధ్యం కానంతవరకు రద్దు ఉత్తర్వు వెలువడకూడదు. వృద్ధులకు, వితంతువులకు 2,016 రూపాయలే ఇస్తున్న తెలంగాణలోనూ ఇదే పద్ధతి ఉండాలని కోరుతున్నాం.

చనిపోయినవారి పేరిట సొమ్ము తీసుకునేవారు ఉంటారన్న భయం నిరాధారమైనది కాదు. దానికి మందు తనిఖీ. అది జరుగుతున్నంతకాలం భార్యకు తాత్కాలికంగా చెల్లించి, అనర్హురాలని తేలితే అప్పుడు ఆపవచ్చు. మరణాన్ని నమోదు చేసుకున్న సంక్షేమ సహాయకుడే ఆ రోజే ఆమె వివరాలు తీసుకోవాలి. అయినా ఆలస్యమైతే, భర్త మరణించిన మరుసటి నెల నుంచి లెక్కగట్టి బకాయి చెల్లించాలి. పెంచిన పింఛనును 2024 ఏప్రిల్ నుంచి లెక్కవేసి, జులై 1న ఒక్కసారే ఏడు వేల రూపాయలు ఇచ్చిన ప్రభుత్వానికి ఇది తెలియని పద్ధతేమీ కాదు.