తవ్వని గుంత గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తవ్వని మరుగుదొడ్డి గుంత గారి సముఖానికి, తిరుపతి నుండి శిబిర నిర్వాహక సంఘ సభ్యుడొకడు సవినయంగా వ్రాసుకొను విన్నపములు. ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమమని రాయడం సంప్రదాయమే గాని, మాలో కొందరికి ఇంకా మజ్జిగన్నం తప్ప మరేదీ సహించడం లేదు కాబట్టి ఆ వాక్యాన్ని ఈసారికి వదిలేస్తున్నాను. మీరు మాత్రం క్షేమంగానే ఉంటారు. పుట్టని వారికి జబ్బులు రావు.

పుట్టలేదన్నానే గాని, కాగితం మీద మీరు పుట్టిన వేళ నాకు బాగా గుర్తుంది. డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం, మా మిత్రుడొకరి మిద్దె మీద, ఎదురుగా శేషాచలం కొండలు నల్లబడుతుండగా, సంక్రాంతి సెలవుల్లో జరపదలచిన మూడు రోజుల అటవీ శిబిరం గురించి పదిహేడు మందిమి కూర్చున్నాము. అడవిలో శిబిరమని కరపత్రంలో వేసుకున్నాము గాని, 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన నేల మీద మూడొందల మంది డేరాలు వేసుకొని పడుకోవడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, భాకరాపేట కనుమ దాటాక తలకోన వైపు పోయే దారిలో, అడవిని ఆనుకొని ఉన్న ఒక మామిడితోటను మాట్లాడుకున్నాము. తోట వెనుక వంక, అంటే చిన్న వాగు, దాని అవతల అడవి. అందమూ అనుమతీ రెండూ కుదిరాయని అందరూ సంతోషిస్తుండగా, ఆరోగ్య శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన, "అంతా బాగుంది నాయనా, తెల్లారితే మూడొందల మంది ఎక్కడికి పోతారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు పుట్టిన సంతానం మీరు.

పెద్దాయన అక్కడికక్కడే మీ జాతకం రాశారు. విపత్తు శిబిరాల కోసం ప్రపంచమంతా అనుసరించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం, ఎంత అత్యవసరంలోనైనా మొదట 50 మందికి ఒకరు, కాస్త కుదురుకున్నాక 20 మందికి ఒకరు చొప్పున మీవంటి వారు ఉండాలట. అంటే ఎంత పిసినారితనం చూపినా మాకు మీలో ఆరుగురు, మర్యాదగా నడుపుకోవాలంటే పదిహేను మంది కావాలి. నీటికి కనీసం 30 మీటర్ల దూరంలో, అడుగు భాగం భూగర్భ జలమట్టానికి మీటరున్నర పైనే ఆగేటట్టు మిమ్మల్ని తవ్వాలి. పక్కన మట్టికుప్ప, బూడిద తట్ట పెట్టి, వెళ్లిన ప్రతివారూ దోసెడు వేసి వచ్చేటట్టు చూడాలి, ఈగ అనేది వాలనే కూడదు. బయటికి రాగానే చేతికందేటట్టు నీళ్ల డ్రమ్ము, సబ్బు ఉండాలి. ఆడవారి వైపు దారి పొడవునా దీపాలు ఉండాలి. "ఒంటరిగా కొండెక్కేవాడు నీటికి 200 అడుగుల అవతల జానెడు లోతు తవ్వుకొని పూడ్చుకుంటే సరిపోతుంది, అది వేరే సంగతి. మనది తిరునాళ్ల" అని కూడా చెప్పారు. తీర్మానాల పుస్తకంలో మీరు 14వ అంశమై, చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా ఆమోదం పొందారు. మీకు ముందున్న 13వ అంశం స్వాగత తోరణం. దాని రంగు గురించి గంటన్నర వాదన జరిగింది, ఇద్దరు అలిగి మిద్దె దిగిపోయారు. తోరణం మాత్రం చెప్పిన రోజుకు చెప్పిన రంగులో నిలబడింది. ఎవరూ కాదనని పని ఎవరి పనీ కాకుండా పోతుందని నాకు అప్పటికి తెలియదు.

శిబిరం రోజున మీ కోసం జరిగిన కృషిని తక్కువ చేసి చెప్పను. గుంతల బాధ్యుడు ఒక గడ్డపార, ఒక పార, ఇద్దరు కళాశాల కుర్రవాళ్లను వెంటబెట్టుకొని తోట మూలకు వెళ్లాడు. జానెడు లోతుకే గడ్డపార ఖణేలుమని మోగింది. కింద రాయి. పది అడుగులు పక్కకు జరిగి చూసి ఉంటే మట్టి తగిలేదేమో గాని, అప్పటికే ఉప్మా పిలుపు వచ్చింది. గడ్డపారను ఆ జానెడు గుంతలోనే నిలబెట్టి, దానికి ఒక తువ్వాలు ఆరేసి ముగ్గురూ టిఫినుకు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి, "ప్రకృతితో మూడు రోజులు" అని రాసిన బ్యానరుకు ఒకవైపు కర్ర చాలక, ఎవరో ఆ గడ్డపారనే పీకి బ్యానరు కట్టేశారు. బ్యానరు చక్కగా బిగిసింది, గాలికి కూడా వంగలేదు. మీ కోసం వచ్చిన ఇనుము అంతకన్నా గొప్ప పనిలో పడిందని అందరూ సమాధానపడ్డారు.

మీ స్నేహితుడు బ్లీచింగ్ పౌడరు గారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయనను 25 కిలోల సంచీగా తెప్పించాము. మేలైన పౌడరు రెండున్నర గ్రాములు వెయ్యి లీటర్ల నీటికి కలిపి అరగంట ఆగితే ఆ నీళ్లు తాగవచ్చని పెద్దాయన లెక్క చెప్పారు. ఆ లెక్కన ఒక్క సంచీ కోటి లీటర్లకు వస్తుంది. మాకు ఉన్నవి రెండు ట్యాంకులు. కాని ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి వస్తున్నారు కదా. మన జిల్లాలో పెద్దమనుషులు వచ్చే దారికి రెండు వైపులా తెల్లటి గీత పడకపోతే ఆరోగ్యం పాటించినట్టు లెక్కకు రాదు కాబట్టి, తోట గేటు నుండి వేదిక దాకా సంచీ మొత్తం ముగ్గులాగా పోశారు. అతిథి ఆ గీతల మధ్య నడిచివచ్చి, పరిశుభ్రత గురించి నలభై నిమిషాలు మాట్లాడి, శిబిరంలో మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయారు. అంత మందిలో ఆరోగ్య సూత్రాలు తెలిసిన మనిషి ఆయనొక్కరే అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రాత్రి మీరు లేని లోటు వంకకు బాగా తెలిసింది. పదకొండు దాటాక తోట వెనుక సెల్‌ఫోన్ల వెలుతురు ఒకటొకటిగా బయలుదేరి, మిణుగురుల్లాగా వంక గట్టు వెంట విడిపోయింది. మీరు ఆరు చోట్ల ఉండవలసిన వారు మూడొందల చోట్ల అయ్యారు, అది కూడా ఒక్కొక్కరు నీటికి పది అడుగుల్లోపే. తెల్లవారి ఆ గట్టు మీద చూస్తే, రాళ్ల సందుల్లో తడి టిష్యూలు తెల్లగా అంటుకొని కనిపించాయి. పేరుకు కాగితమే గాని చాలా వాటిలో ఉండేది ప్లాస్టిక్ పోగు, అది చివికేలోపు మామిడి చెట్లు ఎన్ని కాపులు కాస్తాయో. నాలుగు అడుగులు దిగువన, అదే వంక నీళ్లలో, మా వాళ్లే అన్నం గంగాళాలు తోముతున్నారు. ఈగలు రెండు చోట్లా సమానంగా తిరుగుతున్నాయి. అవి ఎవరినీ వేరుగా చూడవు.

మూడవ రోజు ఉదయానికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదట ఇద్దరు పిల్లలు, తర్వాత ఒక డేరా, మధ్యాహ్నానికి సగం వరుస. పెద్దాయన ఒక్కరే మంచం మీద కూర్చొని, కాచి చల్లార్చిన నీళ్లు లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి గ్లాసులు అందిస్తూ ఉన్నారు. తక్కిన పదహారు మందిమి వేదిక వెనుక అత్యవసర సమావేశం పెట్టి, తప్పు వంటమాస్టరుదని తేల్చాము. రాత్రి పెరుగన్నంలో ఏదో తేడా ఉందని ఒకరు, ఊరుబిండి పులిసిందని ఒకరు సాక్ష్యం చెప్పారు. ఆ వంటమాస్టరు కల్యాణ మండపాల్లో వేలమందికి వండిన మనిషి. వచ్చిన రోజే నా దగ్గరికి వచ్చి, "సామీ, చేతులు కడిగేదానికి ఒక డ్రమ్ము, రెండు సబ్బులు వేరేగా పెట్టించండి" అని అడిగి, సామాన్ల చీటీలో పసుపు, చింతపండు తర్వాత దాన్ని కూడా రాయించాడు. సబ్బులు వచ్చాయి. డ్రమ్ము జెనరేటరు కింద ఎత్తుకు పెట్టారు. ఆయనకు ఇవ్వవలసిన మిగతా సొమ్ము ఆపేస్తున్నామని చెప్పినప్పుడు ఆ మనిషి వాదించలేదు. జేబులోంచి ఆ చీటీ తీసి, మడత విప్పి, చివరి వరుస మీద వేలు పెట్టి చూపించి, మళ్లీ మడిచి పెట్టుకున్నాడు.

ఇందులో మాకు పెద్ద తోడు కూడా ఉందని తర్వాత తెలిసి కొంత ఊరట పొందాను. 1987 జులైలో అమెరికాలోని నార్త్ కరోలినా అడవిలో రెయిన్‌బో కుటుంబమని పిలుచుకునే వారి వార్షిక సమావేశానికి దాదాపు 12,700 మంది చేరితే, చాలా మందులకు లొంగని షిగెల్లా అనే సూక్ష్మజీవి సోకి సగానికి పైగా విరేచనాల పాలయ్యారని అక్కడి వైద్య పరిశోధకులు అంచనా వేశారు. చూడబోతే వారు అడవిలో ఉండడం తెలియనివారు కారు, 1972 నుండి ఏటా అడవిలోనే కలుసుకుంటున్న మనుషులు. ఆ సూక్ష్మజీవికి ఒంట్లో పాగా వేయడానికి లక్షలు అక్కరలేదు, పదుల సంఖ్యలో లోపలికి పోయినా చాలు. అంటే కడగని ఒక్క చేయి, పంచిన ఒక్క గరిటె. పైగా లక్షణాలు బయటపడడానికి ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది కాబట్టి, శిబిరం అద్భుతంగా జరిగిందని చెప్పుకుంటూ ఇంటికి పోయి, అక్కడ పంచవచ్చు.

పర్యావరణ పరంగా చూస్తే మీ మీద ఒక్క ఫిర్యాదు లేదు. మీరు చెంచాడు మట్టిని కూడా కదిలించలేదు. మిగతా వారి గురించి ఆ మాట అనలేను. చలికి మంట వేస్తేనే గాని శిబిరమనిపించదని ఎండుటాకుల నడుమ మూడు మంటలు వేశారు. అభయారణ్యం లోపల ప్రమాదకరంగా నిప్పు రాజేస్తే 1972 నాటి వన్యప్రాణి చట్టంలోని 30వ సెక్షన్ ఊరుకోదు గాని, అడవి అంచున ఉన్న మామిడాకులకు సెక్షన్లు తెలియవు, గాలి ఎటు వీస్తే అటు పోతాయి. 2014 మార్చిలో తిరుమల అడవులు అంటుకున్నప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. మా దగ్గర ఉన్నవి రెండు బకెట్లు, వాటిలో ఒకటి నిమ్మరసానిది. ఇక చెత్తంటారా, అరవై సంచులు నింపి, వాటి ముందు నిలబడి ఫోటో దిగి, ఫోటో అయ్యాక సంచులను రోడ్డు పక్కన వదిలేసి వచ్చాము. ఆ రాత్రికే కుక్కలు, అడవి పందులు వాటిని చీల్చి ఉంటాయి. కుక్కలు చేరిన చోటికి చిరుత రావడానికి ఎవరి ఆహ్వానమూ అక్కరలేదు.

తిరుమల అడవుల్లోని తుంబురు తీర్థం, కుమారధార ముక్కోటులకు, అంటే ఆ తీర్థాల్లో స్నానాలు చేసే పండుగ రోజులకు, వేలమంది అడవి లోపలికి నడిచి వెళ్తారు. గుండెజబ్బు, ఆయాసం, రక్తపోటు ఉన్నవారు రావద్దని దేవస్థానం ముందే చెబుతుంది, దారిలో నీళ్లు, అన్నప్రసాదం ఏర్పాటు చేస్తుంది. మేము మాత్రం రావద్దని ఎవరికీ చెప్పలేదు, వచ్చిన వారిలో ఎవరికి ఏ జబ్బుందో అడగనూ లేదు. నమోదు పత్రంలో టీషర్టు కొలత అడిగాము.

ఇప్పుడు అసలు విన్నపానికి వస్తాను. మొన్నటి ఆదివారం అదే మిద్దె మీద, వచ్చే ఏటి శిబిరం గురించి మళ్లీ కూర్చున్నాము. గత అనుభవం దృష్ట్యా మిమ్మల్ని ఆరు నుండి పదిహేనుకు పెంచుతూ తీర్మానించారు. ఈసారి కూడా ఎవరూ వ్యతిరేకించలేదు, చప్పట్లు కిందటిసారి కన్నా ఎక్కువ పడ్డాయి. పెద్దాయన చప్పట్లు కొట్టలేదు, బాధ్యుడి పేరు ఎదురుగా ఖాళీ ఉందని వేలితో చూపించారు. పుస్తకం తిప్పి నా ముందు పెట్టారు. పోయినసారి కూడా అక్కడ రాసింది నా పేరే. ఉప్మాకు వెళ్లింది నేనే, ఆ తువ్వాలు నాదే.

వంటమాస్టరు సొమ్ము ఇంకా ఆయనకు చేరలేదు. ఆ అంశం సమావేశంలో 22వది, సమయం చాలక వాయిదా పడింది. గడ్డపార మాత్రం మా ఇంటి మెట్ల కింద ఉంది. నిన్న తీసి చూశాను, దాని మెడకు బ్యానరు కట్టిన పురికొస ఇంకా ముడిపడే ఉంది. ముడి బాగా బిగిసిపోయింది. గోటితో రాలేదు, కత్తిపీటతో కోశాను.

ఇట్లు,
మిమ్మల్ని జానెడు లోతు దాకా ఎరిగిన,
గుంతల బాధ్యుడు,
తిరుపతి.