నిలువు స్ప్రింగుకు గురుత్వం అంటగట్టకండి

విద్యార్థుల మధ్య బాగా తిరుగుతున్న వాదన ఇది: "అడ్డంగా ఉన్న స్ప్రింగు సూత్రం నిలువు స్ప్రింగుకు చెల్లదు. గురుత్వం కూడా లాగుతుంది కాబట్టి చంద్రుడి మీద డోలనం నెమ్మదిస్తుంది. ఎక్కువ లాగి వదిలితే ఇంకా ఆలస్యం. ల్యాబ్‌లో సూత్రం కంటే ఎక్కువ సమయం రావడమే రుజువు."

గురుత్వం లాగే మాట నిజమే, కానీ ఆ లాగుడు మారదు. స్థిరాంకం మీటరుకు 20 న్యూటన్లు (మీటరు సాగడానికి 20 న్యూటన్ల బలం కావాలి) ఉన్న స్ప్రింగుకు 200 గ్రాములు తగిలిస్తే 9.8 సెం.మీ. సాగి నిలుస్తుంది. అక్కడ బరువు, స్ప్రింగు బలం సరిసమానం: 1.96 న్యూటన్లు. ఇంకో 2 సెం.మీ. లాగండి. స్ప్రింగు బలం 0.4 న్యూటన్లు పెరుగుతుంది, బరువు పెరగదు. వెనక్కి లాగే నికర బలం ఆ 0.4 మాత్రమే, నున్నటి బల్ల మీద అడ్డంగా 2 సెం.మీ. లాగినా అంతే. గురుత్వం మధ్యబిందువును కిందికి జరిపింది, అంతకుమించి ఏమీ చేయలేదు. ఆవర్తన కాలం, అంటే ఒక డోలనానికి పట్టే సమయం, అడ్డంగా ఉన్న స్ప్రింగు సూత్రం 2 పై × √(ద్రవ్యరాశి ÷ స్థిరాంకం) ప్రకారమే వస్తుంది: 2 పై × √(0.2 ÷ 20), అంటే 0.63 సెకన్లు.

అసలు తికమక 2 పై × √(సాగుదల ÷ గురుత్వ త్వరణం) అనే రూపంతో వచ్చింది. చూడ్డానికి అచ్చం లఘులోలకం (దారానికి వేలాడి ఊగే గుండు) సూత్రమే. అయితే లోలకం పొడవు మనం పెట్టేది. ఈ సాగుదల గురుత్వంతోపాటే మారుతుంది. భూమి మీద 0.098 ÷ 9.8, చంద్రుడి మీద 0.0162 ÷ 1.62, రెండూ 0.01. బరువే తెలియని కక్ష్యలో, 1973లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రంలో, వ్యోమగాముల ద్రవ్యరాశిని స్ప్రింగు డోలనంతోనే కొలిచారు.

ఎంత లాగామన్నదానితో కాలం మారదు, ఒక హద్దు వరకు. 9.8 సెం.మీ. మించి లాగితే పైకొచ్చినప్పుడు సాగుదల పోయి చుట్లు తాకుతాయి, కొక్కెం ఎగురుతుంది. అది సరళ హరాత్మక చలనం (వెనక్కి లాగే బలం జరిగిన దూరానికి అనుపాతంగా ఉండే డోలనం) కాదు. చంద్రుడి మీద ఆ హద్దు 1.62 సెం.మీ.

ఇక ల్యాబ్ 'రుజువు'. స్ప్రింగు 30 గ్రాములుంటే దాని మూడో వంతు, 10 గ్రాములు, ద్రవ్యరాశికి కలపాలి: 10 డోలనాలకు 6.28 బదులు 6.44 సెకన్లు. 50 గ్రాముల కొక్కెం లెక్కలో మరిచారా, 7 సెకన్లు దాటుతుంది. చుట్లు అంటుకుని ఉండే స్ప్రింగు మొదట్లో మొండికేస్తుంది, కొంత బలం పడేదాకా సాగదు. ఒకే బరువును సాగుదలతో భాగిస్తే స్థిరాంకం ఎక్కువగా తేలి, లెక్కగట్టిన కాలం తగ్గిపోతుంది. నాలుగైదు బరువులు తగిలించి, అడ్డంగా సాగుదల, నిలువుగా బరువు పెట్టి గ్రాఫు గీసి వాలు నుంచే స్థిరాంకం తీయండి. వదిలిన క్షణాన్ని 'ఒకటి' అనకుండా 'సున్నా' అనండి, లేకపోతే తొమ్మిదే లెక్కపెట్టి పది అనుకుంటారు.