టెండర్ తెరిచే రోజొక్కటే చూస్తే చాలదు

ఆన్‌లైన్ టెండర్ల వ్యవస్థను ప్రారంభించిన రోజున ఏ ప్రభుత్వమైనా చెప్పే మాట ఒకటే: ఇక అంతా పారదర్శకం, అవినీతికి తావే లేదు. ఈ మార్పు వద్దని మేం అనడం లేదు, కాగితం టెండర్ల రోజులు చూసినవాళ్లు ఎవరూ అనరు కూడా. టెండర్ వేయడానికి కావాల్సిన ఫారం, అంటే షెడ్యూల్, కొందామని వెళ్తే గుమస్తా సెలవులో ఉండేవాడు. ఎలాగో కొని, కవరుకు లక్క ముద్ర వేసుకుని వెళ్తే పెట్టె ఉన్న గది ముందు నలుగురు నిలబడి, ఈ పని ఫలానా ఆయనది, మీరు వచ్చేసారి వేసుకోండి అని మర్యాదగానే చెప్పేవారు, వినకపోతే ఆ మర్యాద కాస్తా పోయేది. షెడ్యూళ్లు ఎవరెవరు కొన్నారో ముందే తెలిసిపోయేది కాబట్టి కాంట్రాక్టర్లంతా కుమ్మక్కై రింగ్ కట్టడం చిటికెలో పని. ఆ పెట్టె పోవడం మంచిదే.

అయితే దానివల్ల ఒరిగిందేమిటో కూడా సూటిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్రభుత్వాలు చాటుకునే లాభం వేరు. భారత్‌లో గ్రామీణ రోడ్ల మీద, ఇండోనేషియాలో ప్రజా పనుల మీద ఆర్థికవేత్తలు చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. ఈ-టెండర్లు పెట్టినచోట ప్రభుత్వం చెల్లించే ధర తగ్గిన దాఖలా వాళ్లకు దొరకలేదు. కానీ బయటి ప్రాంతాల కాంట్రాక్టర్లకు పనులు ఎక్కువగా దక్కాయి, భారత్‌లో రోడ్ల నాణ్యత మెరుగుపడింది, ఇండోనేషియాలో పనుల జాప్యం తగ్గింది. గుమ్మం దగ్గర అడ్డుకునేవాళ్లు లేకపోయేసరికి పని చేతనైనవాళ్లు లోపలికి రాగలిగారన్నమాట. అందుకే "ఇన్ని కోట్లు ఆదా చేశాం" అనే ప్రకటన చూసినప్పుడల్లా మాకు ఒకటే అనుమానం: దేనితో పోలిస్తే ఆదా? అంచనా విలువతో పోల్చి చెబుతారు, ఆ అంచనా వేసింది కూడా అదే శాఖ కదా!

అసలు కథ నిబంధనలు రాసే రోజునే సగం అయిపోతుంది. గత మూడేళ్లలో ఇదే రకం యంత్రాలు ఇన్ని సరఫరా చేసి ఉండాలి, యంత్రం బరువు ఇంతకు మించకూడదు, సర్వీసు కేంద్రం ఇంత దూరంలోపే ఉండాలి అని మూడు షరతులు పెడతారు. విడివిడిగా చూస్తే మూడూ సబబుగానే ఉంటాయి. మూడూ కలిపి తీరేది మాత్రం ఒక్క కంపెనీకే, తెలివంతా అక్కడే ఉంది. కంప్యూటర్ ఆ షరతుల్ని అక్షరం పొల్లుపోకుండా అమలు చేస్తుంది, అర్హతలు చూసే టెక్నికల్ బిడ్ దగ్గరే మిగతావాళ్లంతా పడిపోతారు, ధర రాసిన ప్రైస్ బిడ్ తెరిచేసరికి ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసినవాడు, అనిపించుకునేవాడు ఒక్కడే మిగులుతాడు. తెరమీద చూస్తే ఎక్కడా తప్పు కనిపించదు.

ఇది వెనకబడిన దేశాల జబ్బేమీ కాదు. ఐరోపా సమాఖ్యలో 2018 అక్టోబర్ 18 నుంచి బిడ్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే ఇవ్వడం తప్పనిసరి. అయినా ఒకే ఒక్క బిడ్ వచ్చిన టెండర్ల వాటా 2011లో 23.5 శాతం ఉంటే 2021 నాటికి 41.8 శాతానికి పెరిగిందని సమాఖ్య లెక్కలు తనిఖీ చేసే సంస్థ అయిన ఆడిటర్ల కోర్టు 2023లో తేల్చింది. దానికి ఆన్‌లైన్ పద్ధతే కారణమని మేం అనడం లేదు, పోటీని తెచ్చిపెట్టడం మాత్రం దానివల్ల కాలేదు. చిన్న సరఫరాదారుకు ఆన్‌లైన్ కష్టాలు వేరే ఉన్నాయి. గడువు సాయంత్రం ఐదింటికి, నాలుగున్నరకు సైట్ మొరాయిస్తుంది, ఫైల్ సైజు ఎక్కువైందంటుంది, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే లైన్లన్నీ బిజీ. పెద్ద కంపెనీకి ఇదే పనిమీద కూర్చునే మనుషులుంటారు, వాళ్లకు ఆ టెన్షన్ ఉండదు.

ఇక పని దక్కాక జరిగేది చీకటే. తక్కువకు కోట్ చేసి పని పట్టుకుంటారు, కొన్నాళ్లకు అదనపు పని అంటూ అంచనా పెంచుకుంటారు, గడువు పొడిగించుకుంటారు, బిల్లు ఎవరిది ముందు పాసవుతుందో ఎవరిది నెలల తరబడి ఆగుతుందో బయటివాళ్లకు తెలియదు. చాలా పోర్టళ్లలో టెండర్ ప్రకటన కనిపిస్తుంది, ఒప్పందం మాత్రం కనిపించదు. కనిపించినా వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్, అందులో ఒక్క పదం వెతకాలన్నా కుదరదు. బయట పెట్టామని చెప్పుకోవడానికే పెట్టిన కాగితం అది. ఉక్రెయిన్ 2016 ఆగస్టు నుంచి ప్రభుత్వ సంస్థలన్నింటికీ తప్పనిసరి చేసిన 'ప్రొజోర్రో' అనే ఆన్‌లైన్ టెండర్ల వ్యవస్థ ఈ విషయంలో చాలా ముందుకెళ్లింది. వేలం ముగిసేదాకా పోటీదారుల పేర్లు దాచి, ముగిశాక ఓడినవాళ్ల పత్రాలతో సహా అందరి ముందూ పెట్టేలా దాన్ని కట్టారు. ఓడినవాడికే కదా గెలిచినవాడి కాగితాలు శ్రద్ధగా చదవాలనిపించేది!

యంత్రాన్ని నమ్మి నిద్రపోవడానికీ లేదు. 2002లోనే దేశవ్యాప్త వ్యవస్థ తెచ్చిన దక్షిణ కొరియాలో కంపెనీలు ఆన్‌లైన్‌లో తమ గుర్తింపుగా వాడే డిజిటల్ సర్టిఫికెట్లు అరువిచ్చుకుని ఒకరి పేరుతో ఇంకొకరు బిడ్లు వేయడంతో, 2010లో వేలిముద్ర తనిఖీ పెట్టాల్సి వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఆన్‌లైన్ బిడ్లలోకి చొరబడి ధరలు మార్చారన్న ఆరోపణ 2018లో బయటపడి, మరుసటి ఏడాది కేసు దాకా వెళ్లింది. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారు, ఏ ఫైల్ తాకారు అన్న లాగ్‌లు కొనే శాఖ దగ్గరా, పోర్టల్ నడిపే కంపెనీ దగ్గరా మాత్రమే ఉంటే అవి ఉన్నా లేనట్టే. వాటి నకలు ఎప్పటికప్పుడు ఆడిట్ సంస్థకు చేరాలి.

మేం అడిగేది పెద్ద కోరికేమీ కాదు. షరతుల మీద వచ్చిన ప్రశ్నలు, శాఖ ఇచ్చిన జవాబులు, తిరస్కరించిన బిడ్లు, అందుకు కారణాలు, ఒప్పందంలో చేసిన ప్రతి మార్పు, చెల్లించిన ప్రతి బిల్లు ఆ టెండర్ నంబర్ కిందే, వెతుక్కోవడానికి వీలైన రూపంలో ఉండాలి. ఈ సమాచారమంతా ప్రభుత్వం దగ్గర ఎలాగూ ఉంది. అత్యవసరం పేరుతో టెండర్ లేకుండా నామినేషన్ మీద నేరుగా ఇచ్చే పనులకు మినహాయింపు ఉండకూడదు. టెండర్ పిలిచే వ్యవధి లేకపోవచ్చు, ఎవరికి ఎంతకు ఇచ్చారో, ఆ అత్యవసరమేమిటో నెలలోపు అదే పోర్టల్‌లో రాయడానికి వ్యవధి లేదంటే మేం నమ్మం.