సర్వర్‌కి ఛార్జింగ్ 32 శాతం

జరిగింది నిన్న. చెవుల వేడి ఇంకా తగ్గలేదు కాబట్టి ముందూ వెనకా పెద్దగా చెప్పకుండా గబగబా విషయానికి వచ్చేస్తాను. ఒక సిస్టమ్‌లో పడిన ఆర్డరుని ఇంకో సిస్టమ్‌కి, అక్కణ్ణుంచి అకౌంట్స్‌కి మోసుకెళ్ళే ఇంటిగ్రేషన్ సర్వర్ ఒకటుంది మాకు, మైక్రోసాఫ్ట్ వాళ్ళ బిజ్‌టాక్. దాన్ని చూసుకునేది నేను. అది నడిచేది మా ఆఫీసులో కాదు, ఒక హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్లో. యంత్రాలు వాళ్ళవి, సాఫ్ట్‌వేర్ మాది, తిట్లు నావి. ఏడాదికోసారి లైసెన్సుల లెక్క సరిచూసుకునే కాల్ ఉంటుంది. నిన్న అదే. కాల్‌లో మా మేనేజర్, అకౌంట్స్ మేడం, హోస్టింగ్ తరఫున ఒకాయన, నేను.

నా షీట్‌లో ఎనిమిది కోర్లని ఉంది, కోర్లంటే ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు. హోస్టింగ్ ఆయన షీట్‌లో పదహారు.

ఆ ఎనిమిది వెనక నా తెలివితేటల కథ ఒకటుంది. మొదట్లో ఎనిమిది కోర్ల వీఎం (వర్చువల్ మెషీన్, అంటే అసలు యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన యంత్రం) ఒక్కటే ఉండేది. ఒక్కటే ఉంటే అది పడినరోజు అన్నీ పడతాయని, దాన్ని రెండేసి కోర్ల చొప్పున నాలుగు చిన్న వీఎంలుగా నేనే చీల్చాను. ఒకటి పడినా మూడుంటాయి, మొత్తం కోర్లు మాత్రం అవే ఎనిమిది, లైసెన్స్ ఖర్చు పెరగదు అని మీటింగ్‌లో చెప్పి మెచ్చుకోలు కూడా కొట్టేశాను. స్టాండర్డ్ ఎడిషన్ అయితే ఒక్క సర్వర్ మీదే నడవాలి, అయిదు అప్లికేషన్లు దాటకూడదు కాబట్టి మాది ఎలాగూ ఆ పరిమితులు లేని ఎంటర్‌ప్రైజ్ ఎడిషనే. బిజ్‌టాక్‌కి 2013 వెర్షన్ నుంచీ లైసెన్స్ కోర్ల లెక్కన, అంతకుముందు ప్రాసెసర్ల లెక్కన. కోర్ లైసెన్సులు రెండేసి చొప్పున ప్యాక్‌గా అమ్ముతారు. రెండేసి అమ్ముతున్నారంటే రెండు కోర్ల వీఎంకి ఒక ప్యాక్ చాలనే కదా ఎవడైనా అనుకునేది! చాలదు. ఒక్కో వీఎంకి కనీసం నాలుగు కోర్ల లైసెన్సులుండాలి. లోపల రెండే ఉన్నా నాలుగే, ఒకటే ఉన్నా నాలుగే. కాళ్ళు రెండే అయినా చెప్పులు రెండు జతలు కొనాలన్నమాట. ఇది దాచిపెట్టిన రహస్యమేం కాదు, లైసెన్స్ గైడ్‌లో శుభ్రంగా రాసే ఉంది. నేను ఆ పేజీ వరకూ వెళ్ళలేదు, అంతే. వీఎంని ముక్కలు చెయ్యకుండా వదిలేసి ఉంటే ఎనిమిదితో పోయేది. రెండు ముక్కలు చేసినా ఎనిమిదే. నాలుగు చేశాను కాబట్టి పదహారు.

ఇదంతా ఇప్పుడు తెలుసు. నిన్న కాల్‌లోకి వెళ్ళేటప్పుడు తెలియదు. అందుకే హోస్టింగ్ ఆయన పదహారు అనగానే, పాపం ఈయనకి లెక్కలు రావనుకున్నాను.

ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మంచి మనిషే, మర్యాదస్తుడే, కానీ ఏ ప్రశ్న అడిగినా "అది డిపెండ్స్ సార్" అని మొదలుపెడతాడు. మా లైసెన్సులు మీ దగ్గరికి తెచ్చుకోవచ్చా? డిపెండ్స్ సార్. బిజ్‌టాక్ వాడుకునే డేటాబేస్ ఉంది కదా, ఎస్‌క్యూఎల్ సర్వర్, దాని లైసెన్స్ విడిగా కావాలా? డిపెండ్స్ సార్. (డిపెండ్స్ లేదు, గిపెండ్స్ లేదు, విడిగానే కావాలి.) ఏడాదిన్నరగా ఈ మనిషితో మాట్లాడుతున్నాను, నెలాఖరు బిల్లు తప్ప ఆయన నోట డిపెండ్ కాని సంగతి ఒక్కటీ వినలేదు.

అకౌంట్స్ మేడం మధ్యలో అందుకుని, "నాకు తెలియక అడుగుతున్నానండీ, సర్వర్లు వాళ్ళవి కదా, దానిమీద సాఫ్ట్‌వేర్‌కి డబ్బు మనమెందుకు కట్టాలి?" అన్నారు. ఏడాదిన్నర కిందట నేను అడగాల్సిన ప్రశ్న అది. నేను అడగలేదు, అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని. "అది డిపెండ్స్ మేడం" అన్నాడాయన, ఇంకేముంది. వాదన ముదిరేలోపే మా మేనేజర్, "ఏమయ్యా, ఎనిమిదా పదహారా అని ఈ కొట్లాటెందుకు? సర్వర్ తెరిచి చూపించు, ఎన్నుంటే అన్ని" అన్నారు.

అదే కదా నాకూ కావాల్సింది. మహా ఉత్సాహంగా స్క్రీన్ షేర్ పెట్టాను.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి, ఎందుకంటే తర్వాతి నాలుగు నిమిషాలు నా జీవితంలో చాలా నెమ్మదిగా గడిచాయి. సర్వర్‌లోకి పొద్దున్నే రిమోట్‌గా లాగిన్ అయి, ఆ విండోని పక్కన పెట్టుకున్నాను, అడగ్గానే టక్కున చూపిద్దామని. అయితే ఆ సర్వర్‌కి కాసేపు ముట్టుకోకపోతే మనల్ని బయటికి తోసేసే అలవాటుంది. భద్రత కోసం ఆ సెట్టింగ్ పెట్టిందీ నేనే. మేము ఎనిమిదా పదహారా అని వాదించుకుంటున్నంతసేపట్లో అది చప్పుడు చెయ్యకుండా నన్ను బయట పడేసి తన విండో మూసేసుకుంది. నేను గమనించలేదు. గమనించకపోవడానికి కారణం, నా ల్యాప్‌టాప్ వాల్‌పేపరూ నీలమే, సర్వర్ వాల్‌పేపరూ నీలమే. సర్వర్లకి వేరే రంగు పెట్టుకోమని పాత అడ్మిన్ వెళ్ళిపోతూ చెప్పిన మాట కూడా గుర్తుంది. ఎర్ర రంగు పెట్టుకోమన్నాడు. నాకు ఎరుపు నచ్చదు.

టాస్క్ మేనేజర్ తెరిచాను. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ కొట్టి లాజికల్ ప్రాసెసర్లు చూపించమన్నాను. స్క్రీన్ నిండా గళ్ళు. నాలుగు వరసలు, వరసకి నాలుగు.

"ఇదిగోండి, అందరికీ కనిపిస్తోందా" అంటూ మౌస్ బాణం ఒక్కో గడి మీద ఆనించి, చిన్నపిల్లలకి అంకెలు నేర్పినట్టు ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ గళ్ళ పక్కనే ఎన్ని కోర్లు, ఎన్ని లాజికల్ ప్రాసెసర్లు అన్నది అంకెల్లో రాసి ఉంటుంది. వీఎం అయితే వర్చువల్ ప్రాసెసర్లని, వర్చువల్ మెషీన్ అవునని కూడా అక్కడే రాసి ఉంటుంది. ఆ వైపు నా చూపు పోలేదు. పదకొండు దగ్గర ఏదో మెసేజ్ వచ్చి అడ్డంగా నిలబడితే దాన్ని తోసేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. పదహారు వచ్చింది.

పదహారు!

గొంతులో ఏదో అడ్డం పడింది కానీ ముందుకే వెళ్ళాను. నా బుర్ర ఆ క్షణంలో ఎంత చురుగ్గా పనిచేసిందంటే, "ఓహో, అర్థమైంది. ఒక్కో వరస ఒక్కో సర్వర్ అండీ, నాలుగు సర్వర్లు, ఒక్కోదానికి నాలుగు కోర్లు" అని వివరించాను కూడా. ఒక టాస్క్ మేనేజర్‌లో నాలుగు సర్వర్లు వరసల్లో నిలబడి ఎలా కనిపిస్తాయని నాకు తోచలేదు. పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నాకు తోచకపోతే పోయింది, హోస్టింగ్ ఆయనకైనా తోచాలి కదా? "కరెక్ట్ సార్, ఎగ్జాక్ట్‌గా అదే, మా షీట్‌లోనూ నాలుగు నాలుగుల పదహారే" అన్నాడు. ఏడాదిన్నరలో మొదటిసారి డిపెండ్స్ అనలేదు. ఆయనకి కావాల్సింది పదహారు, అది ఎవరి స్క్రీన్‌లో దొరికినా ఆయనకి అభ్యంతరం లేదు.

కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, తప్పు చోట తప్పుగా లెక్కపెట్టి సరైన జవాబుకి చేరుకున్నాను. అక్కడ ఆపేసి స్క్రీన్ షేర్ తీసేసినా బతికిపోయేవాణ్ణి.

ఆపలేదు. ఎందుకంటే ఆ గళ్ళన్నిట్లో గీతలు పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతున్నాయి. అది వీడియో కాల్, స్క్రీన్ షేరు, వెనక నేను తెరిచి మర్చిపోయిన నలభై బ్రౌజర్ ట్యాబుల మహిమ. నేను మాత్రం, "చూశారా సార్, సర్వర్ల మీద ఎంత లోడ్ పడుతోందో, నెలాఖరు కదా, ఆర్డర్లు విరగబడుతున్నాయి" అన్నాను. "పాపం, బాగానే పనిచేస్తున్నాయే" అన్నారు మేనేజర్. ఆయన కళ్ళలో జాలి కనిపించింది, నా ల్యాప్‌టాప్ మీద. నేను ఇంకో మెట్టెక్కి, ఈ లెక్కన వచ్చే ఏడాదికి కోర్లు పెంచాల్సి రావచ్చు అన్నాను. హోస్టింగ్ ఆయన "తప్పకుండా సార్" అన్నాడు.

అప్పుడు అకౌంట్స్ మేడం, చాలా మామూలుగా, "సర్వర్‌కి బ్యాటరీ కూడా ఉంటుందా అండీ? కింద మూలన ముప్పై రెండు శాతం చూపిస్తోంది. ఎవరైనా ఛార్జింగ్ పెడితే బాగుంటుందేమో" అన్నారు.

నిశ్శబ్దం. ఎవరూ మ్యూట్‌లో లేరు, అయినా నిశ్శబ్దం.

ముందుగా తేరుకున్నది హోస్టింగ్ ఆయన. ఏమన్నాడో తెలుసా? "మా డేటా సెంటర్లో పవర్ బ్యాకప్ పూర్తిగా ఉంటుంది మేడం, కంగారు పడక్కర్లేదు" అన్నాడు. నన్ను కాపాడదామని అన్నాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను, రెండోదే అయితే మా సర్వర్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో తలుచుకుంటే నిద్ర పట్టదు. ఈలోగా మా మేనేజర్ కళ్ళజోడు పైకి లాక్కుని స్క్రీన్‌కి దగ్గరగా వంగి, పక్కనున్న అంకెలన్నీ నింపాదిగా చదివి, "ఏమయ్యా, ఇది నీ ల్యాప్‌టాప్ కదూ?" అన్నారు.

నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయను. మొదటి మాట మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, "అది డిపెండ్స్ సార్."

తర్వాత అసలు సర్వర్ తెరవడం, రెండు గళ్ళు కనబడటం, నేను పొంగిపోవడం, కనీసం నాలుగు అన్న నిబంధన చూపించి హోస్టింగ్ ఆయన నా పొంగు మీద నీళ్ళు చల్లడం అన్నీ అయ్యాయి. అందరూ వెళ్ళొస్తామనే లోపు మేడం తన పాత ప్రశ్న మళ్ళీ ఎత్తుకున్నారు. ఎవరు కట్టాలండీ అని.

అప్పుడు గానీ బయటపడలేదు. ఇలా ఇంకొకరి సర్వర్ల మీద పెట్టుకునేటప్పుడు సాధారణంగా రెండు దారులు. హోస్టింగ్ వాళ్ళే తమ ప్రొవైడర్ ఒప్పందం కింద, స్ప్లా అంటారు, నెలనెలా వాడకం లెక్క మైక్రోసాఫ్ట్‌కి పంపించి ఆ ఖర్చు మన బిల్లులో వేస్తారు. లేదా మనం కొనుక్కున్న లైసెన్సులకి సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్ (లైసెన్సుతో పాటు విడిగా డబ్బు కట్టి తీసుకునే ఒప్పందం) ఉంటే, లైసెన్స్ మొబిలిటీ హక్కు కింద, దానికి అనుమతి ఉన్న హోస్టింగ్ కంపెనీ దగ్గరికి వాటిని తీసుకెళ్ళవచ్చు, కాకపోతే అక్కడ పెట్టిన పది రోజుల్లోపు ఒక వెరిఫికేషన్ ఫారం నింపి పంపాలి. మేము రెండో దారి అనుకుని అస్యూరెన్స్‌తో సహా ఎనిమిది కొనుక్కున్నాం. ఫారం రాలేదు కాబట్టి వాళ్ళు మొదటి దారి అనుకుని నెలనెలా పదహారుకి లెక్క పంపిస్తున్నారు. బిల్లులో దాని పేరు "ప్లాట్‌ఫామ్ సేవలు". ప్లాట్‌ఫామ్ సేవలంటే ఏదో ఊడ్చి తుడిచే ఖర్చనుకున్నాను నేను.

"అంటే ఎనిమిదీ పదహారూ కలిపి ఇరవై నాలుగుకి కడుతున్నామా?" అన్నారు మేడం.

"ఫారం రాలేదు కదా మేడం" అన్నాడు హోస్టింగ్ ఆయన. ఏడాదిన్నరగా ఆ ఫారం గురించి ఒక్క ముక్క, ఒక్క మెయిల్, ఒక్క ఫోన్, ఏమీ లేదు. బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే మాత్రం మూడు రిమైండర్లు వస్తాయి. అది అడుగుదామని నోరు తెరిచాను, అడిగే హోదా అప్పటికి నాకు మిగల్లేదు. పైగా ఆ ఫారం ఎక్కడుందో నాకు తెలుసు, నా డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంది, సగం నింపి. కోర్ల సంఖ్య అన్న గడి దగ్గర ఆగిపోయి ఉంది.

ఈ ఉదయం కూర్చుని మిగతా సగం నింపడం మొదలుపెట్టాను. పది రోజుల గడువు దాటి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టలేదు, లెక్కలు నాకు అచ్చిరావడం లేదు. ముందుగా ఛార్జర్ పెట్టుకున్నాను. సర్వర్ వాల్‌పేపర్ ఎరుపు చేశాను, చూడ్డానికి ఘోరంగా ఉంది.

ఈలోగా హోస్టింగ్ ఆయన నుంచి మెయిల్. జాబితా మళ్ళీ సరిచూశారట, నాలుగు కాదు, అయిదో వీఎం ఒకటి కనబడిందట, డెవలపర్ ఎడిషన్, మీ టెస్టింగ్‌దే అనుకుంటున్నాం సార్, కానీ దానిలోంచి అసలు ఆర్డర్లు వెళ్తున్నట్టుందే, కాస్త చూస్తారా అని. డెవలపర్ ఎడిషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, అసలు పనికి వాడకూడదు కూడా. కిందటి నెల ఒక సర్వర్ మొరాయిస్తే రెండంటే రెండు రోజులకని ఆ ఆర్డర్లు అటు మళ్ళించింది ఎవరో ఆయనకి తెలియదు. మెయిల్ కాపీలో మేడం ఉన్నారు.

ఫోన్ మోగుతోంది.