పెద్ద థ్రాటిల్ కన్నా దుమ్ము సంగతి చూడాలి

జిప్సీ వంటి పెట్రోల్ బండికి పెద్ద థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం), పెట్టె లేని కోన్ ఫిల్టర్ (శంకువు ఆకారపు గాలి వడపోత) బిగిస్తే అడవి దారుల్లో బలం పెరుగుతుందన్న ఒక వ్యాసంలోని సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. 1,298 సీసీ ఇంజిన్‌కు అధిక ఆర్‌పీఎం వద్ద, అంటే ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు, అది కొంత పనికి రావచ్చు గానీ, ములుగు జిల్లా తాడ్వాయి అవతల రాళ్ల దారిలో మనం నడిపేది మొదటి గేరులో, నెమ్మదిగానే కదా. అక్కడ గాలి వేగం తగ్గకుండా చూసి టార్క్ (చక్రాలను తిప్పే బలం) అందించేవి పొడవైన, సన్నని ఇన్‌టేక్ (గాలి పీల్చే) గొట్టాలే. థ్రాటిల్ మరీ పెద్దదైతే పెడల్‌పై కాలు కాస్త కదిలినా గాలి ఒక్కసారిగా చొరబడి బండి కుదుపుతో ముందుకు దూకుతుంది. పాత కార్బ్యురేటర్ బండ్ల ఇబ్బంది వేరు: ఏటవాలులో కార్బ్యురేటర్ ఫ్లోట్ గిన్నెలో నిలిచే పెట్రోల్ ఒక పక్కకు ఒరిగి ఇంజిన్ ఆగిపోతుంది కనుక వాటికన్నా ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్‌ను ఇంజెక్టర్లతో చిమ్మే పద్ధతి) మేలు.

ఇక దుమ్ము. ఎండాకాలంలో ములుగు వైపు ముందు బండి లేపే ఎర్ర దుబ్బలోని సన్నని ఇసుక, నాసిరకం ఫిల్టర్‌ను దాటి పిస్టన్ రింగులను అరగదీస్తుంది. పైగా కోన్ ఫిల్టర్ పీల్చేది బానెట్ కింది వేడిగాలి. కంపెనీ పెట్టెను, కాగితపు ఫిల్టర్‌ను అలాగే ఉంచి స్నార్కెల్ (ఎత్తు నుంచి గాలి పీల్చే గొట్టం) అమర్చుకోవడం నయం. అయితే గొట్టం అతుకులకు సీలెంట్ పట్టించకుండా, ఫిల్టర్ పెట్టె అడుగున ఉన్న రంధ్రాన్ని మూయకుండా జంపన్నవాగులోకి దిగితే ఆ స్నార్కెల్ అలంకారమే. సిలిండర్‌లో చేరిన నీరు కుదించుకుపోదు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.